రెండు చుట్లకు ఒక చుట్టు

పదకొండయింది, పన్నెండుకు మా మరిది శ్రీనివాస వస్తాడు, ఒక్కడే రాడు, ఈ అంగడిలో మొబైళ్ళు పెట్టి అమ్ముతానంటున్న మనిషిని వెంటబెట్టుకొని వస్తాడు, ఇద్దరూ గుమ్మంలో నిలబడి ఈ అరలు పీకేద్దాం, ఆ గోడకు అద్దాలు కొట్టిద్దాం అని చేతులు చాపి చూపించుకుంటారు, ఆలోపు నా ముందు బల్ల మీదున్న ఈ ఇంజను మోగిందా అంగడి నాది, మోగలేదా నేను చేతులు తుడుచుకొని వాళ్ళకు దారి ఇవ్వాలి. అంతే మాట. మా మామ హనుమంతరాయప్ప పెట్టిన మాట, దానికి కాగితం లేదు, సాక్షులు లేరు, ఉన్నదల్లా కొబ్బరికాయంత ఇంజను, దాని పక్కన నేను విప్పి వరసగా పేర్చుకున్న మరలు, కిరసనాయిలు గిన్నె, ఒక గంట. పావగడ బస్టాండులో కండక్టర్ల అరుపులు ఇక్కడికి వినిపిస్తూనే ఉన్నాయి, మడకశిర, మడకశిర అని ఒకడు, కళ్యాణదుర్గం అని ఇంకొకడు, ఎండ రేకుల కప్పు మీదికి దిగి అక్కడినుంచి నా నడినెత్తికి దిగుతోంది, చెమట కంట్లో పడుతోంది, అయినా ఫ్యాను వేయను, వేస్తే నేను కత్తిరించి పెట్టుకున్న ప్యాకింగు కాగితాలన్నీ ఎగిరిపోతాయి. మామ కూడా వేయమని అడగలేదు.

మామ గోడకానుకొని స్టూలు మీద కూర్చున్నాడు, మొలతాడుకు కట్టుకున్న అంగడి తాళంచెవిని వేళ్ళతో తిప్పుతూ. చూపు పోయి నాలుగేళ్ళయింది, వెలుతురు ఎటుందో తెలుస్తుంది తప్ప ఏమీ కనపడదు, చెవులు మాత్రం ఇద్దరికి సరిపోయేన్ని ఉన్నాయి, రోడ్డు మీద పోయే ట్రాక్టరును విని దాని రోగమేమిటో చెబుతాడు. మంగళవాడ నుంచి వెంకటమ్మనహళ్ళి దాకా బావుల మీద కొట్టుకున్న ఆయిల్ ఇంజన్లన్నీ ఒకప్పుడు ఈయన చేతి కింద ప్రాణం పోసుకున్నవే, తర్వాత బావులు ఎండాయి, బోర్లు వచ్చాయి, కరెంటు మోటార్లు వచ్చాయి, బోర్లు కూడా ఎండాయి, భూములకు భూములు సోలార్ పార్కుకు కౌలుకు పోయాయి, అడిగేవాడు లేక ఈ షట్టరు కిందికి దిగింది. ఈ చిన్న ఇంజను ఆయన ఎవరి కోసమూ చేసింది కాదు, తన కోసం చేసుకున్నది, నా మొగుడు ఓబులేష్ కడుపులో ఉన్నప్పుడు మొదలుపెట్టి ఆ పిల్లవాడు బడికి పోయేనాటికి ముగించాడట, మా అత్త గుండమ్మ ఇప్పటికీ ఎత్తిపొడుస్తుంది, నేను కన్నదాని కన్నా నువ్వు కన్నదే నీకు ముద్దు అని. ఏటా ఆయుధ పూజ నాడు ఒక్కసారి దీన్ని మోగించేవాడు, రైతులు పని మానుకొని వచ్చి అంగడి ముందు గుంపు కట్టేవాళ్ళు. ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఓబులేష్‌కు ఇంజనంటే తాళంచెవి తిప్పడం వరకే తెలుసు, పార్కులో నీళ్ళ ట్యాంకరు తోలుతాడు, శ్రీనివాసకు అది కూడా అక్కర్లేదు.

నాకు కావాలి. ఎందుకు కావాలో నాకే మొదట తెలియలేదు. పార్కులో గడ్డి కోసే గుంపులో చేరి ఆరేళ్ళయింది, పలకల కింద గడ్డి పెరిగితే నీడ పడి కరెంటు తగ్గుతుందని భుజాన మిషన్ తగిలించుకొని వరస వెంట వరస కోసుకుంటూ పోవడం, కంటికి ఆనినంత దూరం నల్లటి పలకలే, ఒకప్పుడు మా వేరుశనగ బుడ్డల చేను ఎక్కడుండేదో నేను అంకెలు చూసి చెప్పాలి, పదిహేడో వరసలో మూడో స్తంభం. మిషన్ ఆగిపోతే తుమకూరుకు పంపేవాళ్ళు, తిరిగి రావడానికి ఇరవై రోజులు, అన్ని రోజులూ మేము నడుం వంచి కొడవళ్ళతో కోయాలి, ఒకనాడు నాకు మండి ఆ మిషన్ ఇంజను ఊడదీసి కొంగులో కట్టుకొని ఇంటికి తెచ్చి మామ ముందు పెట్టాను. ఆయన చేత్తో తడిమాడు, పిల్లిపిల్లను తడిమినట్టు, తడిమి మూత విప్పమన్నాడు, లోపల వేలు పెట్టి మూలమూలా వెతికాడు. తర్వాత అన్న మాట నాకు అక్షరం పోకుండా జ్ఞాపకముంది. "ఇది మన ఇంజనే కదమ్మా. శానా చిన్నది అయిపోయుండాది, అంతే." ఆ రోజునుంచి మొదలైంది, లోపలికి పీల్చు, నొక్కు, దెబ్బ, బయటికి ఊదు, నాలుగు పనులకు పెద్ద చక్రం రెండు చుట్లు తిరగాలి, వాల్వులనే తలుపులు తీసి మూసే క్యాము ఒక్క చుట్టే తిరగాలి, రెండు చుట్లకు ఒక చుట్టు, నీ పళ్ళచక్రాలు ఎట్లా కలిశాయన్నదే ఇంజను ప్రాణం, తక్కినదంతా ఒట్టి ఇనుము అనేవాడు. పార్కులో అలాంటి మిషన్లు ఎన్ని వందలున్నాయో నేను కళ్ళారా చూశాను. ఈ అంగడి తెరిస్తే అవి తుమకూరు దాకా పోనక్కర్లేదు, నేను వరసల మధ్య నడవనక్కర్లేదు, ఆ మాట ఇంట్లో అన్న రోజు శ్రీనివాస అన్నం తింటూ నవ్వాడు, ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

నవ్వడానికి వాడికి నేనే ఇంకో అవకాశం ఇచ్చాను, అదీ పోయిన ఆయుధ పూజ నాడు, అంతమంది ముందు. పదేళ్ళుగా మూలపడ్డ ఈ ఇంజనును ఏడాదిపాటు ఆదివారం ఆదివారం కూర్చొని బాగు చేశాను, రింగు మార్చాను, వాల్వులు నూరాను, అన్నీ బిగించి బంతిపూల దండ వేసి తాడు లాగాను, ఠప్పుమని ఒక్క దెబ్బ, తాడు నా చేతిని వెనక్కి గుంజింది, లోపల ఏదో కరకరమంది, అంతే. విప్పి చూస్తే వాల్వు పోయి పిస్టన్‌కు తగిలి, వాల్వును నెట్టే పుల్ల, మామ సైకిలు పుల్లతో చేసింది, కొడవలిలా వంగింది. "మా వదిన దీపావళి ముందుగానే చేసేసిందప్పా" అని శ్రీనివాస, గుంపంతా నవ్వు, బోరయ్య తాత ఒక్కడే నవ్వలేదు, ఆయనకు చెవుడు. నాకు నేల చీలితే బాగుండనిపించలేదు, వాడి నెత్తిన స్పానరు పెట్టి కొడితే బాగుండనిపించింది. మామ మూడు రోజుల తర్వాత అన్నాడు, ఇంకొక్క తూరి, ఆ తూరి మోగితే బీగం నీది, లేదంటే శీనడు చెప్పినట్లే. బీగమంటే తాళం. ఆ తాళంచెవే ఇప్పుడు ఆయన వేళ్ళ మధ్య చిన్నగా చప్పుడు చేస్తోంది.

సరే, మళ్ళీ మొదటినుంచి. వంగిన పుల్ల మార్చాను, కొత్త సైకిలు పుల్ల, అదే పొడవు. పిస్టన్ మీద గీత పడింది కానీ లోతు లేదు. మిగిలింది ఇదొక్కటే, చిన్న పళ్ళచక్రానికి ఇరవై పళ్ళు, క్యాము చక్రానికి నలభై, దాని పన్ను దీని సందులో ఎక్కడ దిగాలన్నది. దానికి గుర్తులున్నాయి, రెండు చక్రాల మీదా ఎర్రటి గుర్తులు, నేను విప్పిన మొదటి రోజే చూశాను, చూసి మనసులో మామకు దండం పెట్టుకున్నాను కూడా, లారీ షెడ్డులో వాళ్ళు గోళ్ళరంగుతో గుర్తు పెట్టుకుంటారు, మామ కూడా అట్లాగే రంగు పెట్టుకున్నాడని. పోయినసారి తొందరలో ఒక పన్ను తప్పి ఉంటాను, ఈసారి తప్పను, ఎరుపుకు ఎరుపు ఎదురుగా తెచ్చాను, ఊపిరి బిగబట్టి క్యామును నెట్టాను, దిగింది. చేత్తో చక్రం తిప్పుతున్నాను, మెల్లగా, సగం, ముప్పావు, ఇదిగో ఆగింది. బిగుసుకున్నది కాదు, తగిలింది, లోపల వాల్వు మూతి పిస్టన్‌కు తగిలింది, అదే చోట. తప్పలేదు నేను, ఒక్క పన్ను కూడా తప్పలేదు, మరి గుర్తు ప్రకారం పెడితే తగలడమేమిటి, పక్క పన్నుకు మార్చాలా, ఎటు పక్కకు, ఎన్ని పళ్ళు, నలభై చోట్లలో ఒక చోట సరైనది, ఇరవై నిమిషాలు పోయాయి, బయట ఆటో ఆగిన చప్పుడు, శ్రీనివాసా, కాదు, ఎవరో దిగి శనీశ్వరుడి గుడికి దారి అడుగుతున్నారు. మామను అడిగితే చెబుతాడేమో, అడగను, అడిగిన క్షణం నేను మళ్ళీ గడ్డి కోసేదాన్నే అయిపోతాను.

ముంజేత్తో నుదురు తుడుచుకున్నాను, చెయ్యి కిందికి దించితే చేతి మీద ఎరుపు. నా బొట్టు. చెమటకు కరిగి మోచేతి దాకా పాకింది. దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఎందుకో కళ్ళు అక్కడనుంచి కదలలేదు, బల్ల అంచున ఇనుమును పట్టి బిగించే వైస్ ఉంది, దాని నెత్తిన ఎర్రటి చుక్క, వైస్ పక్కన సుత్తి, సుత్తి మీద ఒక చుక్క, గోడకు వేలాడే స్పానర్లకు తలా ఒక చుక్క, షట్టరు కమ్మీకి, ఎండిపోయిన నూనె డబ్బాకు, అన్నిటికీ ఒకే ఎరుపు, ఒకే కొలత, ఉంగరపు వేలి కొన ఎంత ఉంటుందో అంత. మా అత్త. ఆయుధ పూజ నాడు కుంకుమను ఆముదంలో కలుపుకొని వస్తుంది, పొడి కుంకుమ ఇనుముకు అంటదని, ఈ ఊళ్ళో ఆముదంలో కలిపేది ఆమె ఒక్కతే, ఇనుపదై కనిపించిన ప్రతిదానికీ ఒక బొట్టు, గుండ్రంగా ఉంటే మరీను, నా సైకిలు బెల్లుకు పెట్టింది, ఒకసారి పొరపాటున పక్కనే నిలబడి ఉన్న కరెంటు మీటరు మనిషి స్క్రూడ్రైవర్‌కు పెట్టింది. ఇంజను ఆఖరుగా మోగి ఆగినప్పుడు, బయటికే కనిపించే ఈ చక్రాలు ఏ మూల ఆగాయో ఆ మూలకు పెట్టింది, మూలపడ్డ ఏళ్ళన్నీ దాని మీదే పెట్టింది, ఆముదం ఎండి గట్టిపడి రంగుకన్నా రంగై కూర్చుంది. వంగి ముఖాన్ని చక్రం దగ్గరికి తెచ్చుకున్నాను. ఎరుపు రెండు పళ్ళ మీద పడి ఉంది. గుర్తు పెట్టేవాడు ఎవడైనా రెండు పళ్ళకు కలిపి పెడతాడా, ఏడాదికి పైగా చూస్తున్నానే, ఆ ఒక్క ప్రశ్న నాకు తట్టలేదే. నవ్వు వచ్చింది, ఆపుకోలేదు.

"ఏమ్మా, నవ్వుతావుండావు?" అన్నాడు మామ.

"అత్త పెట్టిన బొట్టును నువ్వు పెట్టిన గుర్తు అనుకొంటి మామా. బొట్టుకు బొట్టు కలిపి కూకోబెడ్తావుండా, ఏడాది పైగా."

ఆయన వేళ్ళు తాళంచెవి మీద ఆగాయి. పొట్ట కదిలింది, చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు. "గుర్తా? నేను యాడ పెట్టినాను? గుర్తు పెడితే ప్రతి ఒక్కడూ ఇప్పేస్తాడని పెట్టనేలేదు."

"ఆ మాట ముందే చెప్పకూడదా?"

"నువ్వు అడగలేదు కదమ్మా."

అడగలేదు, నిజమే, నేను అడగను, ఆయన చెప్పడు, మా ఇద్దరి పొగరుల మధ్య ఆ సైకిలు పుల్ల నలిగింది. కోపం రావాల్సింది, రాలేదు, ఒళ్ళంతా తేలికైంది, ఎందుకంటే గుర్తే లేదన్నాక తప్పు నా చేతిది కాదు, నమ్మకానిది, ఇక నమ్మాల్సింది ఇంజను లోపలి పద్ధతిని, అది నాకు తెలుసు, మామ నేర్పిన రోజునుంచి తెలుసు. గుడ్డను కిరసనాయిల్లో ముంచి బొట్లు రెండూ తుడిచాను, తుడిచిన వేలిని కళ్ళకద్దుకున్నాను, అత్త చూడలేదు కానీ బొట్టు బొట్టే. మూల నుంచి చీపురుపుల్ల విరిచి ప్లగ్గు సందులో దించాను, చక్రం తిప్పితే పిస్టన్‌తో పాటు పుల్ల పైకి లేస్తుంది, పైన కాసేపు కదలకుండా నిలబడుతుంది, అదే చిక్కు, నిలబడిన దానిలో నడిమధ్య ఎక్కడో తెలియదు, కనుక పుల్ల గోరంత దిగేదాకా ఇటు తిప్పి పెద్ద చక్రం మీద ఒక గీత, గోరంత దిగేదాకా అటు తిప్పి ఇంకొక గీత, రెండు గీతల నడుమ సగం, పిస్టన్ పైకొస, అదే టాపు, ఇక్కడ అబద్ధం లేదు. పొద్దున నేను వచ్చిన బస్సు టికెట్టు రవికెలో ఉంది, నిన్నటిది కూడా ఉంది, పలచటి మిషన్ కాగితం, వాటిని సన్నగా చీల్చి ఒకటి పీల్చే వాల్వు మీద, ఒకటి ఊదే వాల్వు మీద, వాటిని నొక్కే రాకర్ల కింద పెట్టాను. తలుపు మూసి ఉంటే కాగితం జారుతుంది, తెరుచుకోవడం మొదలైతే పట్టుకుంటుంది. కంటికన్నా వేలు నయం, ఆ మాట మాత్రం మామ అడగకుండానే చెప్పాడు.

ఊదే పని ముగిసి పీల్చే పని మొదలయ్యే చోట, ఆ టాపులో, ఒక్క రెప్పపాటు రెండు తలుపులూ కొంచెం కొంచెం తెరుచుకొని ఉంటాయి, పాతది ఇంకా పోతూ ఉంటుంది, కొత్తది అప్పటికే వస్తూ ఉంటుంది, మామ నాకు ఇది చెప్పిన రోజు మేమిద్దరం ఈ గుమ్మంలోనే కూర్చొని ఉన్నాం, ఆయన కాళ్ళు లోపల, నావి బయట. ఆ రెప్పపాటుకు ఇటూ అటూ సమానంగా ఉండాలి, పీల్చేది టాపుకు ఎంత ముందు తెరుచుకుంటుందో ఊదేది టాపు దాటాక అంతే దూరంలో మూసుకోవాలి. చక్రాన్ని టాపు మీద పెట్టి, రెండు కాగితాలూ బిగిసి ఉండేలా క్యామును చేత్తో పట్టుకొని, పన్ను ఎక్కడ దొరికితే అక్కడ దింపాను. తిప్పాను. ఎక్కడా తగల్లేదు, రెండు చుట్లు పూర్తిగా తిరిగింది, రెండు చుట్లకు ఒక చుట్టు, నా గుండె మాత్రం లెక్క తప్పింది. ఇప్పుడు కొలత, కుడిచేత్తో చక్రం, ఎడమచేతి వేళ్ళ మధ్య కాగితం, జారుతోంది, జారుతోంది, పట్టింది, టాపుకు రెండు వేళ్ళు ముందు. రెండో కాగితం, బిగువు, బిగువు, వదిలింది, టాపు దగ్గరే, వేలు కూడా దాటలేదు. సమానం కాదు, క్యాము ముందుకు పోయింది, ఒక్క పన్ను. ఒక్కటే. బయట బండి చప్పుడు, శ్రీనివాస బండి, ఇది నాకు తెలుసు, సైలెన్సరుకు చిల్లుంది, బాగు చేస్తానంటే నా చేతికి ఇవ్వలేదు.

రానీ. క్యామును వెనక్కి లాగాను, ఒక పన్ను తిప్పాను, నెట్టాను. "ఏం వదినా, ఇంకా కూరగాయలు తరుగుతావుండావా?" అని గుమ్మంలోంచి శ్రీనివాస, పక్కన తెల్లచొక్కా మనిషి, అప్పుడే అరల వైపు చూస్తున్నాడు, నేను తల ఎత్తలేదు. జారుతోంది, జారుతోంది, పట్టింది, ఒక వేలు ముందు. బిగువు, బిగువు, వదిలింది, ఒక వేలు తర్వాత. మళ్ళీ చూశాను, ఒక వేలు, ఒక వేలు. ఇటూ అటూ. రాకర్ల మీది మూత బిగించాను, ప్లగ్గు పెట్టాను, తీగ తగిలించాను, పెట్రోలు నాలుగు చుక్కలు. తాడు చుట్టాను. లాగాను. ఏమీ లేదు. శ్రీనివాస గొంతు సవరించుకున్నాడు. రెండోసారి లాగాను, ఒక్క తుమ్ము, అంతే, కానీ తుమ్మింది, వెనక్కి గుంజలేదు, సరైన చోట తుమ్మింది, నాకు తెలిసిపోయింది, ఇంకెవరికీ తెలియకముందే తెలిసిపోయింది, మామ స్టూలు మీద నిటారుగా అయ్యాడు, ఆయనకూ తెలిసింది. మూడోసారి లాగాను.

మోగింది. టక్కు టక్కు టక్కు అని బల్లంతా అదిరేలా, స్పానర్లు గోడకు కొట్టుకునేలా, పొగ సన్నగా నీలంగా నా ముఖం మీదికి, ఆ వాసన, పెట్రోలూ ఆముదమూ కలిసిన వాసన, బస్టాండు కండక్టర్ల అరుపులు మాయమయ్యాయి, శ్రీనివాస నోరు కదులుతోంది, మాట వినపడదు, ఆ సుఖం చెప్పనలవి కాదు. మామ చెయ్యెత్తాడు, అందరినీ ఆగమని, తల వంచి విన్నాడు, తొడ మీద వేలితో తాళం వేశాడు, ఒక నిమిషం, ఇంకొక నిమిషం. తర్వాత ఆయన చేతులు మొలతాడు దగ్గరికి పోయాయి, ముడి విప్పుకోవడం రాలేదు, నలభై ఏళ్ళ ముడి, సరిగ్గా అప్పుడే రాగిముద్ద గిన్నె నెత్తిన పెట్టుకొని అత్త వచ్చింది, గిన్నె దించి ఆ ముడి తనే పళ్ళతో విప్పింది. నా చేతులనిండా నల్లనూనె, నా చీరకొంగు తీసుకొని తాళంచెవి దానికి కట్టింది, కట్టి ఇంజను వైపు చూసి నా చెవిలో అరిచింది. "నా బొట్టు యాడికి పోయె?"

"ఇంకొకటి పెడుదువులే అత్తా. నీ ఇష్టమొచ్చిన తావున పెట్టు."

శ్రీనివాస తెల్లచొక్కా మనిషి భుజం మీద చెయ్యి వేసి, బళ్ళారి రోడ్డులో ఇంకొక అంగడి ఉండాది రాప్పా అని తీసుకుపోయాడు, పోతూ పోతూ వెనక్కి తిరిగి నా వైపు కాదు, ఇంజను వైపు చూశాడు, తన బండి తాళంచెవిని బల్ల మీద పెట్టి సైలెన్సరు వైపు గడ్డం ఊపాడు, వాడికి అంతకన్నా రాదు. నేను పెట్రోలు కట్టేశాను. ఇంజను ఆగింది, ఆగాక కూడా నా అరచేతుల్లో మోగుతూనే ఉంది. చక్రాన్ని టాపుకు తెచ్చాను, మామ పాత డబ్బాలోంచి ఇనుము మీద చుక్క గుంట పెట్టే పంచ్ వెతికి తీశాను, చిన్న చక్రం పన్ను మీద మొన పెట్టి సుత్తితో ఒకటి వేశాను, ఎదురుగా ఉన్న క్యాము సందు మీద ఇంకొకటి. మామ తల ఇటు తిరిగింది.

"ఏంది కొడ్తావుండావు?"

"గుర్తు, మామా."

"ఎవురికి?"

"నా తర్వాత ఇప్పేటోళ్ళకు."

నలభై ఏళ్ళు ఎవరికీ ఇవ్వనిది కదా, వద్దంటాడేమో అనుకున్నాను, అన్నా నేను ఆపేదాన్ని కాదు. అత్త ముద్ద విరిచి ఆయన చేతిలో పెట్టింది, పులుసు పోసింది.

"లోతుగా కొట్టు" అన్నాడు. "నూనెలో కూడా వేలికి తెలియాల."

నేను ఇంకొక దెబ్బ వేశాను.